వూళ్ళో పిల్లలే చాలు!

తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఫుట్ బాల్ సంగతులెందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చదువుకునే రోజుల్లో నేను మైదానం పక్కనుంచి నడిచి వెళ్ళానే కాని, మైదానంలోకి దిగి ఎరుగను. ఒక్కసారి మాత్రం నా వైపు దొర్లుకుంటూ వచ్చిన బంతిని తిరిగి తన్నబోయాను. బంతి కదలలేదు కాని, చెప్పు మాత్రం గోలు దాకా వెళ్ళింది.

అటువంటి నా చేత ఈ వ్యాసం రాయించినవాడు మా పెద్దవాడు. వాడికి పద్ధెనిమిదో ఏడు. 2025 ఆగస్టు చివర ఇంజనీరింగు చదువుకు పుణే ప్రయాణం కట్టాడు. వెళ్ళబోయే ముందు రోజుల్లో రాత్రి పన్నెండు దాటినా టీవీ ముందునుంచి లేచేవాడు కాదు. స్పెయిన్ దేశంలో లీగు ఆటలు అప్పుడే మొదలయ్యాయట. మా ఆవిడ "వెళ్ళిపోయే పిల్లవాడు, చూడనివ్వండి" అన్నది. సరే, నిద్ర ఎలాగూ పట్టదని నేనూ వాడి పక్కన కూర్చున్నాను.

తెరమీద ఎరుపు తెలుపు చారల చొక్కాల జట్టొకటి ఆడుతున్నది.

"ఇది ఏ జట్టురా?"

"అథ్లెటిక్ బిల్బావో, నాన్నా. వీళ్ళు బయటివాళ్ళను కొనరు. అంతా వాళ్ళ ప్రాంతం పిల్లలే."

"కొనటమేమిటిరా? మనుషుల్నా?"

వాడు నా వైపు జాలిగా చూశాడు. తరువాత ఓపికగా పాఠం చెప్పాడు. ఇరవై యేళ్ళుగా పాఠాలు చెప్పే వాడికి పాఠం వినటంలో వుండే సుఖం అప్పుడు తెలిసింది.

సంత సంగతి

ఈనాడు పెద్ద ఫుట్ బాల్ జట్లు నడిచేది సంత మీద. ఆటగాడు ఒక క్లబ్బుతో కొన్నేళ్ళకు ఒప్పందం రాసుకుంటాడు. గడువు తీరకముందే మరొక క్లబ్బు అతన్ని కోరితే, మొదటి క్లబ్బుకు డబ్బు చెల్లించి తీసుకుపోతుంది. వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి ఈ సంత తెరుస్తారు. 2017లో నేమార్ అనే బ్రెజిల్ ఆటగాడి కోసం పారిస్ క్లబ్బు బార్సెలోనాకు చెల్లించిన మొత్తం 22 కోట్ల 20 లక్షల యూరోలు! అర్జెంటీనా ముందువరుస, ఫ్రాన్సు నడిమివరుస, బ్రెజిల్ వెనకవరుస, వీరందరినీ కలిపి ఇంగ్లండులో ఒక పట్నం పేరు పెట్టుకున్న జట్టు. సాధారణంగా కథ ఇది.

ఈ సంతలోకి అంగుళం మేర తలుపు మాత్రమే తెరిచి చూసేది బిల్బావో జట్టు. స్పెయిన్ ఉత్తరపు అంచున, సముద్రానికి దగ్గరగా, నెర్వియోన్ నది ఒడ్డున వున్న పట్నం బిల్బావో. ఇనుప గనులూ, ఉక్కు కర్మాగారాలూ, నౌకా నిర్మాణమూ దాని పూర్వపు జీవనాధారం. ఇనుప ఖనిజం కోసం ఇంగ్లీషు ఓడలు వచ్చేవి. ఓడల వెంట ఫుట్ బాల్ వచ్చింది. ఇంగ్లండు వెళ్ళి చదువుకు వచ్చిన బిల్బావో కుర్రవాళ్ళూ ఆ ఆట తెచ్చారు. 1898లో క్లబ్బు పుట్టింది. అందుకే స్పెయిన్ లో వున్నా దాని పేరు ఇంగ్లీషువాళ్ళ పలుకుబడిలో "అథ్లెటిక్".

తొలి రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ జట్టులో ఆడారు. 1911లో దేశపు కప్పు పోటీలో పరదేశి ఆటగాళ్ళను గురించి పెద్ద రగడ జరిగింది. ఆ తరువాత నుంచి క్లబ్బు స్థానికులనే ఆడించటం మొదలుపెట్టింది. అప్పుడు మొదలైన అలవాటు నూరేళ్ళు దాటినా తప్పలేదు. చిత్రమేమంటే ఇది నిబంధనల పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. మన ఇళ్ళల్లో ఆచారాలు ఎవరు రాసిపెట్టారు కనుక?

ఆచారం కాలాన్ని బట్టి కొంత సడలింది కూడా. మొదట బిల్బావో వున్న విస్కాయా జిల్లా పిల్లలే. తరువాత బాస్క్ ప్రాంతమంతా. అంటే స్పెయిన్ లోని బాస్క్ జిల్లాలూ, నవారా, సరిహద్దు కవతల ఫ్రాన్సులో వున్న బాస్క్ సీమ. ఇప్పుడు అక్కడ పుట్టినవాళ్ళయినా సరే, అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకుని పెరిగినవాళ్ళయినా సరే. ఆడపిల్లల జట్టుకూ ఇదే పద్ధతి. ఆ జట్టు స్పెయిన్ లీగును ఐదుసార్లు గెలిచిందని మా ఆవిడ కోసం ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఈ ప్రాంతమంతా కలిపి జనం ముప్ఫై లక్షలు. మన పాత కడప జిల్లా అంత అనుకోండి. ఆ ఒక్క జిల్లా పిల్లలతో జట్టు కట్టి, ప్రపంచం నలుమూలల నుంచీ ఏరి తెచ్చిన జట్ల మీద ఆడాలన్నమాట. అయినా 1929లో స్పెయిన్ లీగు మొదలైన నాటినుంచి 2025 దాకా ఒక్కసారి కూడా కింది తరగతికి దిగని క్లబ్బులు మూడే మూడు. రియల్ మాడ్రిడ్, బార్సెలోనా, మూడవది ఈ అథ్లెటిక్. లీగును ఎనిమిదిసార్లు గెలిచింది.

డబ్బున్నా కొనలేనిది

"అయితే వీళ్ళకు డబ్బు లేదేమో!" అన్నాను. తెలుగు శాఖలో పనిచేసేవాడికి మొదట తట్టే కారణం అదే.

"డబ్బుకేం, బోలెడు" అన్నాడు మావాడు.

ఇక్కడే వున్నది అసలు కీలకం. స్పెయిన్ లో 1985 నాటి శాసనం ప్రకారం, ఆటగాడు పరిహారం చెల్లించి ఒప్పందం తెంచుకోవచ్చు. అందువల్ల ప్రతి ఒప్పందంలోనూ ఒక మొత్తం రాసి వుంచుతారు. బిల్బావో పెద్దలు బేరానికి కూర్చోరు. "మా వాణ్ణి మేము అమ్మం. వాడికి వెళ్ళాలని వుంటే రాసిన మొత్తం పైసలతో సహా అక్కడ పెట్టి తీసుకువెళ్ళండి" అంటారు. 2012లో హవి మార్తినెస్ కోసం జర్మనీ క్లబ్బు 4 కోట్ల యూరోలు పెట్టింది. 2018లో లాపోర్ట్ కోసం మాంచెస్టర్ సిటీ 6 కోట్ల 50 లక్షలు పెట్టింది. అదే ఏడు కెపా అనే గోల్ కీపర్ కోసం చెల్సీ 8 కోట్లు పెట్టింది. అంతకు ముందు ఏ గోల్ కీపరూ అంత పలకలేదు.

ఇంత డబ్బు పెట్టెలో పడితే మరొక క్లబ్బు మర్నాడే సంతకు బయలుదేరుతుంది. వీళ్ళు వెళ్ళటానికి సంత ఎక్కడ? వీళ్ళకు పనికివచ్చే వాళ్ళు ప్రపంచంలో ఏ కొద్దిమందో. ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు. పెళ్ళివారికి ఒకే ముహూర్తం వున్నదని తెలిసిన మేళగాడు తగ్గి మాట్లాడతాడా? 2018లో లాపోర్ట్ వెళ్ళిన వెంటనే, పొరుగున వున్న రియల్ సోసియెదాద్ నుంచి ఇన్యిగో మార్తినెస్ ను తెచ్చుకోవటానికి 3 కోట్ల 20 లక్షలు పోయవలసి వచ్చింది.

కనుక వీళ్ళకు మిగిలిన దారి పెంచుకోవటమే. బిల్బావో పక్కన లెసామా అనే పల్లెలో 1971 నుంచి శిక్షణాలయం నడుపుతున్నారు. పదేళ్ళ పిల్లలనుంచి చేర్చుకుని, ఏళ్ళ తరబడి ఓపికపడతారు. ఆడనేర్చిన వాణ్ణి పోగొట్టుకుంటే అంగడిలో మరొకడు దొరకడు కనుక వాడికి మంచి జీతమే ఇస్తారు. ఇది ఆదర్శమే కాదు, అవసరం కూడా. ఆదర్శమూ అవసరమూ ఒకే దారిన నడిస్తే ఆ ఆచారం నూరేళ్ళు నిలుస్తుంది కాబోలు.

మరొక మాట. 1990 దశకం మొదట్లో స్పెయిన్ లో చట్టం వచ్చి చాలా క్లబ్బులు కంపెనీలయిపోయాయి. సభ్యుల చేతుల్లోనే మిగిలిపోయిన నాలుగింటిలో ఇదొకటి. నలభై వేల పైచిలుకు సభ్యులు ఓట్లు వేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. "ఇక చాలు, బ్రెజిల్ నుంచి ఇద్దర్ని కొనుక్కొద్దాం" అనే అభ్యర్థి అక్కడ గెలవటం కష్టం.

నోరు నొక్కిన నాడు

ఇది వట్టి పట్టుదల అయితే నేను రెండో రోజు రాత్రి మళ్ళీ మేలుకుని వుండేవాణ్ణి కాదు. దీని వెనక ఒక భాష వున్నది.

బాస్క్ జనం తమ భాషను ఎవుస్కరా అంటారు. దానికి ఇరుగు పొరుగు భాషలతో చుట్టరికం లేదు. యూరప్ లో ఒంటరిగా మిగిలిన ప్రాచీన భాష అది. స్పెయిన్ అంతర్యుద్ధం 1939లో ముగిసి జనరల్ ఫ్రాంకో గద్దె ఎక్కిన తరువాత బడుల్లో, కచ్చేరీల్లో ఆ భాషకు తావు లేకుండా పోయింది. క్లబ్బు పేరులోని ఇంగ్లీషు మాట కూడా ఆయనకు పనికిరాలేదు. 1941లో బలవంతాన స్పానిష్ లోకి "అత్లెతికో" అని మార్పించారు. 1970 దశకం మొదట్లో గాని పాత పేరు తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో బాస్క్ వాళ్ళు పదిమంది ఒకచోట చేరి "మేము" అనుకోగలిగిన చోటు సాన్ మమేస్ మైదానమే. ఆ మైదానానికి ఆ పేరు మమేస్ అనే సాధువు వల్ల వచ్చింది. ఆయన్ని సింహాల ముందు పడవేస్తే అవి ముట్టలేదని గాథ. అందుకే ఆ జట్టువాళ్ళను సింహాలు అంటారు. 1913లో కట్టిన ఆ పాత మైదానంలో మొదటి గోలు కొట్టినవాడు పిచిచి అనే ముద్దుపేరు గల యువకుడు. 1922లో ఇరవై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. నేటికీ స్పెయిన్ లీగులో ఎక్కువ గోళ్ళు కొట్టినవాడికిచ్చే బహుమానం అతని పేరు మీదనే వున్నది. సాన్ మమేస్ లో మొదటిసారి ఆడవచ్చిన ఏ జట్టు నాయకుడైనా అతని విగ్రహం దగ్గర పూలు పెట్టి కాని ఆట మొదలుపెట్టడు.

ఫ్రాంకో 1975లో పోయాడు. మరుసటి ఏడు డిసెంబరు 5న బిల్బావోకూ, పొరుగు పట్నం సాన్ సెబాస్టియన్ లోని రియల్ సోసియెదాద్ కూ ఆట. బాస్క్ జెండా అప్పటికింకా నిషేధం లోనే వున్నది. రెండు జట్ల నాయకులు, బిల్బావో గోల్ కీపర్ ఇరిబార్, అవతలి జట్టు కోర్తబారియా, ఆ జెండాను చెరొక చివర పట్టుకుని మైదానంలోకి నడిచారు. బద్ధ విరోధులైన రెండు జట్లు! నెల పైన కొద్ది రోజులకు, 1977 జనవరిలో, జెండా మీద నిషేధం తీసివేశారు. ఈ సంగతి చెబుతూ మావాడు టీవీ శబ్దం తగ్గించాడు. భాష కోసం బతికేవాణ్ణి గదా, నాకు చాలాసేపు మాట రాలేదు.

మూల్యం లేకుండా ఏదీ రాదు

అంతా బాగానే వున్నదనుకోకండి. 1984లో లీగూ, కప్పూ రెండూ గెలిచిన తరువాత, మళ్ళీ కప్పు చేతికందటానికి నలభై యేళ్ళు పట్టింది. 2007లో కింది తరగతికి జారిపోవటానికి ఒక్క మెట్టు మిగిలింది. చివరి రోజు ఆట గెలిచి బయటపడ్డారు. 2021 ఏప్రిల్ లో రెండు వారాల తేడాలో రెండు కప్పు ఫైనల్సు ఓడారు. ఇదే పద్ధతి పాటించిన రియల్ సోసియెదాద్ 1989లో వదిలేసి, ఐర్లండు తరఫున ఆడే ఆల్డ్రిజ్ ను లివర్ పూల్ నుంచి కొని తెచ్చుకుంది. వాళ్ళను తప్పు పట్టేందుకేమీ లేదు. బతకాలి గదా.

పొరుగువాళ్ళకు ఫిర్యాదు కూడా వున్నది. "మీ పిల్లలు అంటూ మా తోటలో కాయలే కోస్తున్నారు" అని. 1995లో సోసియెదాద్ పెంచిన పదిహేడేళ్ళ ఎచెబెరియాను బిల్బావో ఎత్తుకుపోయినప్పుడు రెండు క్లబ్బులకూ మాటలు లేకుండా పోయినంత పని అయింది. ఆచారం పవిత్రమైనంత మాత్రాన ఆచరించేవాళ్ళందరూ పవిత్రులు కారు.

అన్నిటికన్న పెద్ద ప్రశ్న వేరే వున్నది. "మనవాడు" అంటే ఎవడు? ఇది నన్ను బాధించింది. వూరిపేరు చెప్పి తలుపు వేసుకోవటం కూడా ఒక్కొక్కప్పుడు అన్యాయమే గదా?

దానికి మావాడు ఇచ్చిన సమాధానం విలియమ్స్ సోదరులు. వీళ్ళ తల్లిదండ్రులు ఆఫ్రికాలోని ఘనా దేశస్థులు. కూటికోసం సహారా ఎడారి దాటి, కాళ్ళు కాలి, మెలియా దగ్గర కంచె ఎక్కి స్పెయిన్ లో పడ్డారు. బిల్బావో చేరినప్పుడు ఇన్యాకి అనే మతగురువు వాళ్ళను ఆదుకున్నాడు. 1994లో అక్కడే పుట్టిన పెద్దకొడుక్కి తల్లి ఆయన పేరే పెట్టుకున్నది. ఆ ఇన్యాకి విలియమ్స్ 2016 నుంచి 2023 దాకా ఒక్క లీగు ఆట కూడా మానకుండా వరుసగా 251 ఆటలు ఆడాడు. తమ్ముడు నీకో 2002లో నవారాలో పుట్టాడు. 2024లో యూరప్ కప్పు ఫైనల్ లో స్పెయిన్ తరఫున గోలు కొట్టాడు. 2025 వేసవిలో బార్సెలోనా అతన్ని రమ్మన్నది. దేశమంతా వెళ్ళిపోయినట్టే లెక్క కట్టింది. జూలైలో అతను 2035 దాకా బిల్బావోలోనే వుండటానికి సంతకం చేశాడు.

మా తరగతిలో ఛందస్సులో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే అమ్మాయి, మా బజారులో మిఠాయి కొట్టు పెట్టుకున్న రాజస్థానీవాళ్ళ పిల్ల. యతిస్థానం తప్పితే ఆ పిల్ల ముఖం ముడుచుకుంటుంది. ఆమెను తెలుగుపిల్ల కాదనటానికి నాకేమి హక్కున్నది? నేలా, పెంపకమూ కలిసి మనిషిని మనవాణ్ణి చేస్తాయి. బిల్బావోవాళ్ళు నెమ్మదిగానే అయినా ఆ మాట ఒప్పుకున్నారు.

మన దగ్గరా ఒక జట్టుండేది

ఇదంతా సికిందరాబాదులో వున్న మా మేనమామగారికి ఫోనులో చెప్పాను. ఆయన లాలాగూడా రైల్వే వర్క్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఎనభై అయిదేళ్ళు.

"ఒరేయ్, స్పెయిన్ దాకా వెళ్ళావు, హైదరాబాదు రాలేకపోయావా?" అన్నారు.

నిజమే. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరుసగా అయిదుసార్లు గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు మొదట బడిపంతులు. 1951లో, 1962లో భారత జట్టుకు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానం ఆయన చలవే. 1963లో కాన్సరుతో కన్నుమూశారు. 2024లో ఆయన కథతో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చింది.

"ఆ కుర్రవాళ్ళంతా మా వీధుల్లో పెరిగినవాళ్ళే, మామూలు ఇళ్ళవాళ్ళు. కలకత్తా క్లబ్బులు వచ్చి పిలిచాయి, వెళ్ళారు. ఎందుకు వెళ్ళరు?" అన్నారు మామయ్య. అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ కు వెళ్ళాడు. 1962లో బంగారు పతకం గెలిచిన జట్టులో వున్నాడు. ఆ వైపే స్థిరపడి 2023లో కన్నుమూశాడు.

"వెళ్ళినవాళ్ళ తప్పేం లేదురా. వెళ్ళినవాళ్ళ చోట ఇంకొకణ్ణి పెంచాలి గదా. పంతులు పోయాడు, పెంచే ఓపిక పోయింది. అంతే" అన్నారు.

ఫోను పెట్టేసిన తరువాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. అప్పటిదాకా నేను బిల్బావో కథలో నా స్వార్థమే చూసుకుంటున్నాను. వూళ్ళో పిల్లవాడు వూళ్ళోనే వుండాలి, పెద్ద పట్నాలు పిలిచినా వెళ్ళకూడదు అని. మావాడి పెట్టె సర్దుతుంటే నాలో మెదిలినది అదే. కాని బిల్బావో ఎవరినీ కట్టివేయలేదు. రాసుకున్న సొమ్ము కట్టినవాణ్ణి వెళ్ళమన్నది. అది తలుపు వేసుకున్నది కొనుక్కోవటానికే, వెళ్ళటానికి కాదు. మరునాడు ఉదయం లెసామాలో మళ్ళీ పదేళ్ళ పిల్లలకు బంతి ఇచ్చింది.

2024 ఏప్రిల్ లో ఆ నలభై యేళ్ళ కరువు తీరింది. సెవియాలో మయోర్కా జట్టు మీద, పెనాల్టీలదాకా వెళ్ళి కప్పు గెలిచారు. అయిదు రోజుల తరువాత ఆటగాళ్ళను గబార్రా అనే పాత పడవలో ఎక్కించి నదిలో వూరేగించారు. 1984 తరువాత ఆ పడవ అలా కదలటం అదే. ఒడ్డున లక్షలాది జనం. తాతల భుజాల మీద మనవలు. కొనితెచ్చిన జట్టు గెలిస్తే జనం సంతోషించరని కాదు. కాని పక్కవీధి పిల్లవాడు గెలిచినప్పటి ఏడుపు వేరు.

మావాడు పుణే వెళ్ళాడు. రైలు కదిలేటప్పుడు నేను ఏ నీతీ చెప్పలేదు. మా ఆవిడ ఆవకాయ జాడీ గురించి మూడుసార్లు చెప్పింది.

సెప్టెంబరులో ఒక రాత్రి ఫోను చేశాడు.

"నాన్నా, లాపోర్ట్ తిరిగి వచ్చేశాడు! 2018లో మాంచెస్టర్ వెళ్ళాడని చెప్పానే, ఆయనే. ఏడేళ్ళ తరువాత మళ్ళీ బిల్బావోకు."

"రానిచ్చారా?"

"అదేమిటి నాన్నా, వాళ్ళవాడే గదా!"

మా ఆవిడ వంటింట్లోంచి "ఏమంటున్నాడండీ?" అని అడిగింది.

"దీపావళికి టికెట్టు తీసుకున్నాడట" అన్నాను. ఆ మాట వాడు తరువాత చెప్పాడు లెండి. నేను ముందే చెప్పేశాను.